తిరగబెట్టే రక్తక్యాన్సర్‌కు మూలం ఎక్కడ? జాన్ డిక్ పరిశోధనపై ఒక సమీక్ష

1948 జూన్‌లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్, ఆయన సహచరులు ఒక వైద్య పత్రికలో ప్రచురించిన వ్యాసం రక్తక్యాన్సర్ చికిత్సకు కొత్త దారి తెరిచింది. అక్యూట్ లుకేమియాతో చావుబతుకుల్లో ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మంది పరిస్థితి మెరుగుపడింది. ఆ మందు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడి పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అంతవరకూ చేతులెత్తేయడం తప్ప ఏమీ చేయలేని జబ్బు మొదటిసారి మందుకు లొంగింది. కానీ కొన్ని నెలలకే తిరగబెట్టింది. ఈ ఊరట తాత్కాలికమేనని ఫార్బర్ తన వ్యాసం శీర్షికలోనే చెప్పారు.

ఆనాటి నుంచి రక్తక్యాన్సర్ వైద్యులను వెంటాడుతున్న ప్రశ్న ఇది. రక్తం శుభ్రపడింది. మూలుగను మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే క్యాన్సర్ కణాల జాడ లేదు. డాక్టర్లు దీన్ని రెమిషన్ అంటారు. రోగి ఇంటికి వెళ్లి మామూలు పనుల్లో పడతాడు. ఆరు నెలలకో రెండేళ్లకో అదే లుకేమియా మళ్లీ వస్తుంది. ఎక్కడి నుంచి వస్తుంది?

దీనికి రెండు జవాబులున్నాయి. మొదటిది: క్యాన్సర్ కణాలన్నీ ఒకటే, వాటిలో ఏ కొన్ని మిగిలినా మళ్లీ పెరుగుతాయి. అలాగైతే మందు మోతాదు పెంచి ఎక్కువ కణాలను చంపడమే మార్గం. రెండోది: క్యాన్సర్ కణాల్లో అత్యధిక భాగానికి జబ్బును కొనసాగించే సత్తా లేదు, ఆ సత్తా ఏ కొన్ని కణాలకో ఉంటుంది, మందుకు దొరకనివి అవే. అలాగైతే 99 శాతం కణాలను చంపినా చికిత్స అసలు లక్ష్యాన్ని తాకలేదన్నమాట. ఈ రెండో జవాబుకు మనిషి జబ్బులో మొదటి గట్టి రుజువు చూపినవాడు కెనడా శాస్త్రవేత్త జాన్ డిక్. నలభై ఏళ్లుగా టొరంటోలో ఆయన నడిపిన పరిశోధనను, దానికి వచ్చిన సవాళ్లను, దానివల్ల రోగికి ఒరిగినదాన్ని సమీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పరిశోధన నేర్పిన పెద్ద పాఠం ఒకటుందని నా నమ్మకం: కణాన్ని దాని ముఖం చూసి కాక, అది చేయగలిగిన పనిని పరీక్షించి గుర్తించాలి. ఆ నియమాన్ని పాటించినంత కాలం ఈ రంగం ముందుకు సాగింది. మరిచినప్పుడల్లా తడబడింది.

టొరంటోలో పడ్డ పునాది

రక్తకణాలకు ఆయుష్షు తక్కువ. ఎర్రకణం సుమారు 120 రోజులు ఉంటుంది, తెల్లకణాల్లో చాలావాటిది రోజుల లెక్కే. పోయినవాటి స్థానం భర్తీ చేయడానికి మూలుగ రోజూ వేల కోట్ల కొత్త కణాలను తయారుచేయాలి. ఇన్ని కణాలకూ మూలమైన కణం ఏదో మూలుగలో ఉండితీరాలని ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలోనే కొందరు ఊహించారు. ఊహను లెక్కలోకి తెచ్చింది టొరంటోలోని ఆంటారియో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఇద్దరు: వైద్యుడు ఎర్నెస్ట్ మెకల్లక్, భౌతికశాస్త్రవేత్త జేమ్స్ టిల్.

అది అణుబాంబు భయం ప్రపంచాన్ని పట్టి ఊపుతున్న కాలం. రేడియేషన్‌తో మూలుగ చచ్చిపోయిన ఎలుకను మరో ఎలుక మూలుగ ఎక్కించి బతికించవచ్చని అప్పటికే తెలుసు. అందుకు ఎన్ని కణాలు కావాలో కొలవడం వీరి పని. ఒక ఆదివారం మెకల్లక్ ప్రయోగశాలకు వెళ్లి, మూలుగ ఎక్కించి పది రోజులైన ఎలుకలను కోసి చూశారు. ప్లీహం మీద చిన్న చిన్న బుడిపెలు కనిపించాయి. వాటిని లెక్కపెట్టి, ఏ ఎలుకకు ఎన్ని కణాలు ఎక్కించారో దాని పక్కన రాసుకుంటే రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతున్నాయి. సుమారు పది వేల మూలుగ కణాలకు ఒక బుడిపె. 1961లో ఈ ఫలితం అచ్చయింది.

ప్రతి బుడిపె ఒకే కణం నుంచి పుట్టిందా? దీన్ని తేల్చడానికి వారి విద్యార్థి ఆండ్రూ బెకర్ కణాలకు కొద్దిగా రేడియేషన్ తగిలించి వాటి క్రోమోజోములు ఒక్కోచోట ఒక్కోరకంగా విరిగేలా చేశాడు. ఆ విరుపు కణానికి పుట్టుమచ్చలా పనికొచ్చింది. ఒక బుడిపెలో విభజన చెందుతున్న కణాలన్నింటిలో ఒకే విరుపు కనిపించింది. 1963 నాటికి, ఒక బుడిపెలోని కణాలను మరో ఎలుకకు ఎక్కిస్తే మళ్లీ బుడిపెలు వస్తాయని కూడా రుజువైంది. తనలాంటి కణాన్ని తానే పుట్టించుకోవడం, రకరకాల రక్తకణాలుగా మారగలగడం: మూలకణానికి ఈ రెండు శక్తులే గుర్తు అని అప్పుడు స్థిరపడింది. ఆ కణాన్ని ఎవరూ కళ్లతో చూడలేదు. అది చేసిన పనిని బట్టే అది ఉందని తేల్చారు. జాన్ డిక్‌కు వారసత్వంగా అందింది ఈ పద్ధతే.

క్యాన్సర్‌కూ ఇదే ప్రశ్న వేయవచ్చని అప్పుడే కొందరికి తట్టింది. 1937లోనే జేకబ్ ఫుర్త్, మోర్టన్ కాన్ ఒక్క లుకేమియా కణంతో ఎలుకకు జబ్బు తెప్పించవచ్చని చూపారు. 1963లో టొరంటోకే చెందిన రాబర్ట్ బ్రూస్ బృందం ఎలుక లింఫోమా కణాల్లో కొద్ది శాతమే ప్లీహంలో బుడిపెలు కట్టగలవని గమనించింది. ఒక్క కణం చాలు, కానీ అన్ని కణాలకూ ఆ శక్తి లేదు. ఇది ఎలుక జబ్బు సంగతి. మనిషి జబ్బులోనూ ఇంతేనా? మనిషి మీద ఆ ప్రయోగం చేయలేం గనక అడుగు ముందుకు పడలేదు.

మనిషి రక్తానికి ఎలుక దేహం

జాన్ డిక్ కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో 1984లో పీహెచ్‌డీ ముగించి, టొరంటోలో ఆలన్ బెర్న్‌స్టీన్ ప్రయోగశాలలో చేరారు. అక్కడ రెట్రోవైరస్ సాయంతో ఎలుక మూలకణాల్లోకి జన్యువును చొప్పించే పనిలో పాలుపంచుకున్నారు. వైరస్ ఒక్కో కణంలో ఒక్కోచోట అతుక్కుంటుంది. ఆ చోటు ఏదో చూస్తే ఆ కణం సంతతి అంతటినీ గుర్తుపట్టవచ్చు. ఈ పట్టు ఆయనకు తర్వాత చాలాచోట్ల అక్కరకొచ్చింది.

సొంత ప్రయోగశాల మొదలుపెట్టాక ఆయన పూనుకున్నది చాలామంది జరగదనుకున్న పని: మనిషి రక్తాన్ని ఎలుకలో పుట్టించడం. పరాయి కణాలను ఎలుక రోగనిరోధక వ్యవస్థ బతకనివ్వదు. అందుకని ఆ వ్యవస్థ పుట్టుకతోనే లోపించిన ఎలుకలను ఎంచుకున్నారు. 1988లో సుజాన్ కామెల్-రీడ్‌తో కలిసి, మనిషి మూలుగ కణాలు అలాంటి ఎలుకల మూలుగలో నాటుకుంటాయని సైన్స్ పత్రికలో చూపించారు. అది ఆరంభమే. నాటుకున్న కణాలు మొదట్లో చాలా కొద్ది. ఏ రకం ఎలుక, మనిషి కణాలకు ఏ పెరుగుదల ప్రోటీన్లు అందించాలి, ఎంతకాలం ఆగాలి అన్న వివరాలు తేల్చడానికి ఏళ్లు పట్టింది. ఈ రంగంలో తర్వాత వచ్చిన ప్రతి పెద్ద ఫలితమూ ఈ ఎలుక మీదే ఆధారపడింది. ఇది ఆయన బలం. తర్వాత వచ్చిన విమర్శలన్నిటికీ మూలం కూడా ఇదే.

రెండున్నర లక్షల్లో ఒకటి

1994లో త్స్వీ లాపిడో, జాన్ డిక్ తదితరులు నేచర్ పత్రికలో ప్రచురించిన ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూడాలి.

అక్యూట్ మైలాయిడ్ లుకేమియా రోగి రక్తం తీసుకుంటారు. అందులోని కణాల పైపొర మీద రకరకాల ప్రోటీన్లు ఉంటాయి. సీడీ34 అనేది ఎదగని కణాల మీద కనిపిస్తుంది. సీడీ38 అనేది కణం కొంత ఎదిగాక వస్తుంది. వీటికి అతుక్కునే యాంటీబాడీలకు మెరిసే రంగులు తగిలించి కణాలతో కలుపుతారు. ఆ కణాలను సన్నని ధారలో ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపిస్తే, ఏ కణం ఏ రంగులో మెరిసిందో యంత్రం గుర్తించి, దాన్ని మోస్తున్న బిందువుకు విద్యుదావేశం ఇచ్చి పక్క గొట్టంలోకి మళ్లిస్తుంది. చివరికి సీడీ34 ఉండి సీడీ38 లేని కణాలు ఒక గొట్టంలో, మిగతావి వేరే గొట్టాల్లో పోగవుతాయి.

తర్వాత ఒక్కో గొట్టంలోని కణాలను వేర్వేరు ఎలుకలకు ఎక్కిస్తారు. వారాలు గడిచాక వాటి మూలుగ తీసి మనిషి లుకేమియా కణాలున్నాయా అని చూస్తారు. సీడీ34 ఉండి సీడీ38 లేని ఆ కొద్ది కణాలు ఎక్కించిన ఎలుకల్లోనే లుకేమియా వచ్చింది. మిగతావి, సంఖ్యలో ఎన్నో రెట్లు ఎక్కువైనా, జబ్బు తేలేకపోయాయి.

ఎన్ని కణాలకు ఒకటి అన్న లెక్క ఇలా తేలుతుంది. కొన్ని ఎలుకలకు పది లక్షల కణాలు, కొన్నింటికి రెండు లక్షలు, కొన్నింటికి ఇరవై వేలు, ఇలా తగ్గిస్తూ ఎక్కిస్తారు. మోతాదు తగ్గేకొద్దీ జబ్బు రాని ఎలుకలు పెరుగుతాయి. ఏ మోతాదులో ఎన్నింటికి రాలేదన్న దాన్నుంచి అసలు కణం ఎంత అరుదో గణితం చెబుతుంది. రోగి రక్తంలోని సుమారు రెండున్నర లక్షల లుకేమియా కణాల్లో ఒక్కదానికే జబ్బును మొదలుపెట్టే శక్తి ఉందని ఆ లెక్క తేల్చింది.

1997లో డొమినిక్ బోనే, డిక్ మరో అడుగు వేశారు. జబ్బు వచ్చిన ఎలుక నుంచి లుకేమియా కణాలను తీసి రెండో ఎలుకకు ఎక్కిస్తే అక్కడా అదే జబ్బు వచ్చింది. అంటే ఆ కణాలు తమను తాము పునరుత్పత్తి చేసుకుంటున్నాయి. ఎదిగిన, ఎదగని కణాలన్నీ రోగిలో ఉన్న క్రమంలోనే ఎలుకలోనూ ఏర్పడ్డాయి. మామూలు రక్తంలో ఉన్న వరుసే వికృతరూపంలో క్యాన్సర్‌లోనూ ఉందని దీంతో తేలింది. ఆ అరుదైన కణాన్నే లుకేమియా మూలకణం అంటున్నాం. తిరగబెట్టే జబ్బుకు ఇది చక్కగా సరిపోయే వివరణ. తుంగను పైపైన కోసినంత మాత్రాన పొలం బాగుపడదు, గడ్డ లోపలే ఉంటుంది. కీమోథెరపీ వేగంగా విభజన చెందే కణాలను చంపుతుంది. మూలకణాల్లో కొన్ని చాలాకాలం విభజన చెందకుండా నిద్రాణంగా ఉంటాయి. 2004లో క్రిస్టిన్ హోప్, డిక్ వైరస్ గుర్తుల సాయంతో లుకేమియా మూలకణాలన్నీ కూడా ఒకటి కావని, కొన్ని త్వరగా అలసిపోతే కొన్ని తరతరాలుగా కొనసాగుతాయని చూపడంతో ఈ చిత్రం ఇంకాస్త స్పష్టమైంది.

ఆలోచన ఆ తర్వాత గట్టి కణితులకూ పాకింది. 2003లో మైకేల్ క్లార్క్ బృందం రొమ్ము క్యాన్సర్‌లో, 2004లో టొరంటోలోనే పీటర్ డర్క్స్ బృందం మెదడు కణితిలో, 2007లో డిక్ సొంత బృందం పెద్దపేగు క్యాన్సర్‌లో ఇలాంటి కణాలను వేరుచేశాయి. ‘క్యాన్సర్ మూలకణం’ అన్న మాట పత్రికలకెక్కింది, కంపెనీలు పుట్టాయి, నిధులు ప్రవహించాయి. తొందరపాటు కూడా మొదలైంది.

ఎలుక మారితే లెక్క మారింది

మొదటి గట్టి సవాలు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. 2007లో ఆండ్రియాస్ స్ట్రాసర్ బృందం కొన్ని ఎలుక లింఫోమాలు, లుకేమియాల కణాలను అదే జాతి ఎలుకలకు ఎక్కించి చూస్తే కనీసం పదింట ఒక కణం జబ్బు తెచ్చింది. మనిషి కణాలు ఎలుకలో అరుదుగా పెరగడానికి కారణం అవి అరుదు కావడం కాదని, పరాయి దేహంలో బతకలేకపోవడమని వారి వాదన. 2008లో షాన్ మారిసన్ బృందం మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌పై చేసిన ప్రయోగం ఇంకా పదునైనది. పాత రకం ఎలుకల్లో జబ్బు తెచ్చే మెలనోమా కణాలు చాలా అరుదుగా తేలాయి. రోగనిరోధక శక్తి మరింత తగ్గించిన ఎలుకలు వాడి, కణాలను నాటే పద్ధతి మెరుగుపరిస్తే దాదాపు నాలుగింట ఒక కణం కణితిని పెంచింది. కణాలు అవే, పరీక్ష మారింది.

లుకేమియాలోనూ సర్దుబాట్లు తప్పలేదు. 2008లో లండన్‌లో బోనే సొంత ప్రయోగశాలే ఒక ముఖ్యమైన విషయం బయటపెట్టింది. కణాలను వేరుచేయడానికి వాడిన సీడీ38 యాంటీబాడీ అతుక్కున్న కణాలను ఎలుకలో మిగిలిన కాస్త రోగనిరోధక శక్తి ఏరివేస్తోంది. దాన్ని అడ్డుకుంటే, కొందరు రోగుల్లో సీడీ38 ఉన్న కణాలు కూడా లుకేమియా తెచ్చాయి. పదకొండేళ్ల కింద తన పేరుమీద వచ్చిన ఫలితాన్ని తానే సవరించిన శాస్త్రవేత్తకు చేతులెత్తి మొక్కాలి. చిన్నపిల్లల్లో వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా సంగతి మరోరకం. ఎదుగుదలలో వేర్వేరు దశల్లో ఉన్న కణాలన్నింటికీ జబ్బును కొనసాగించే శక్తి ఉందని 2008లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ బృందం చూపించింది. అక్కడ పై మెట్టు, కింది మెట్టు అన్న తేడా అంతగా పనికిరాదు.

ఈ సవాళ్లు మూలకణ సిద్ధాంతాన్ని కూల్చేశాయా? లేదు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియాలో అన్ని కణాలకూ సమాన శక్తి లేదన్న మాట మెరుగైన ఎలుకల్లోనూ నిలబడింది. కూలింది వేరే ఒకటి: ఫలానా ప్రోటీన్ ఉంటే మూలకణం, లేకపోతే కాదు అన్న తేలిక నమ్మకం. రొమ్ము, మెదడు, పేగు క్యాన్సర్ల మీద వచ్చిన ఎన్నో పరిశోధనలు రెండు మూడు గుర్తులు చూసి కణానికి మూలకణమని పేరు పెట్టేసి, దాని శక్తిని పరీక్షించే శ్రమ తీసుకోలేదు. అవే తర్వాత నిలబడలేదు.

డిక్ బృందం విమర్శలకు జవాబు మరింత కొలతతోనే ఇచ్చింది. 2011లో కోలిన్ ఎపెర్ట్ తదితరులు ముఖగుర్తులను నమ్మడం మానేశారు. రోగుల కణాలను రకరకాల భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగాన్నీ ఎలుకలో పరీక్షించి, నిజంగా లుకేమియా తెచ్చిన భాగాల్లో ఏ జన్యువులు చురుగ్గా ఉన్నాయో చూశారు. ఆ జాబితా ఆరోగ్యవంతమైన రక్త మూలకణాల జాబితాను పోలింది. ఈ జన్యువులు బలంగా పలికే రోగులు త్వరగా మరణిస్తున్నారని కూడా తేలింది. ఎలుక చెప్పినది మనిషి ఆయుర్దాయంతో సరిపోలింది. ఈ సిద్ధాంతానికి దొరికిన సాక్ష్యాల్లో నాకు అన్నిటికన్నా బలంగా తోచేది ఇదే. ఇక్కడ తీర్పు ఎలుక చేతిలో లేదు, రోగి చేతిలో ఉంది.

జబ్బుకు ముందు జబ్బు

మూలకణాన్ని వెతుకుతూ వెళ్లినవారికి ఊహించనిది మరొకటి దొరికింది. 2014లో లిరాన్ ష్లుష్, డిక్ తదితరులు లుకేమియా రోగుల రక్తంలోని టీ కణాలను పరిశీలించారు. రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఈ టీ కణాలు ఆరోగ్యమైనవే, లుకేమియాలో భాగం కావు. అయినా కొందరిలో వాటికి కూడా లుకేమియా కణాల్లో ఉన్న డీఎన్‌ఎమ్‌టీ3ఏ జన్యువు మార్పు ఉంది. ఎన్‌పీఎమ్1 అనే రెండో జన్యువు మార్పు మాత్రం లుకేమియా కణాల్లోనే ఉంది. దీన్నిబట్టి జరిగినదాని వరుస తెలుస్తుంది. ఎప్పుడో ఒక ఆరోగ్యమైన మూలకణంలో మొదటి మార్పు వచ్చింది. అది మామూలుగానే రక్తాన్ని తయారుచేస్తూ, టీ కణాలనూ పుట్టిస్తూ, పక్కవాటికన్నా కాస్త ఎక్కువగా విస్తరించింది. దాని సంతతిలో ఒక కణంలో రెండో మార్పు వచ్చాక లుకేమియా మొదలైంది. కీమోథెరపీ తర్వాత లుకేమియా పోయినా మొదటి మార్పున్న కణాలు మూలుగలో బతికే ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో రవి మజేటి బృందం కూడా ఇలాంటి తుది ఫలితాలకే చేరింది.

అదే 2014లో వేలమంది సామాన్యుల రక్తాన్ని పరీక్షించిన అధ్యయనాలు, డెబ్బై దాటినవారిలో సుమారు పది శాతం మందిలో ఇలాంటి మార్పులున్న కణసమూహాలు ఉన్నాయని చూపించాయి. వారిలో అత్యధికులకు ఏ జబ్బూ రాదు. ఏటా వందలో ఒకరికో అంతకన్నా తక్కువమందికో రక్తక్యాన్సర్ వస్తుంది. ఎవరికి వస్తుందో ముందే చెప్పగలమా? 2018లో ష్లుష్, డిక్ పాల్గొన్న అధ్యయనం తర్వాతి కాలంలో లుకేమియా వచ్చిన 95 మంది పాత రక్తనమూనాలను, రానివారు 414 మంది నమూనాలతో పోల్చింది. జబ్బు బయటపడడానికి సగటున ఆరేళ్ల ముందు తీసిన రక్తం అది. జబ్బు రాబోయేవారిలో మార్పులు ఎక్కువ, ఆ మార్పులున్న కణాల పాలూ ఎక్కువ. లుకేమియా ఒక్కసారిగా విరుచుకుపడే జబ్బన్న అభిప్రాయాన్ని ఇది మార్చేసింది. మనకు హఠాత్తుగా కనిపించేది చివరి అంకం మాత్రమే.

2017లో ఇదే బృందం జబ్బు తిరగబెట్టడం గురించి వేసిన పాత ప్రశ్నకు సూటిగా జవాబు వెతికింది. మొదటిసారి జబ్బు వచ్చినప్పటి నమూనాను, తిరగబెట్టినప్పటి నమూనాను పక్కపక్కన పెట్టి జన్యుమార్పులను పోల్చింది. రెండు దారులు కనిపించాయి. కొందరిలో, మొదట్లోనే ఉన్న అరుదైన మూలకణం లాంటి కణం నుంచి జబ్బు తిరిగి వచ్చింది. ఇంకొందరిలో ఎదిగినట్టు కనిపిస్తూనే మూలకణ జన్యువులను పలికించే పెద్ద కణసమూహం నుంచి వచ్చింది. రెండు సందర్భాల్లోనూ తిరగబెట్టే కణం చికిత్సకు ముందే ఉంది. కాబట్టి మందు కొత్త శత్రువును పుట్టించడం లేదు, ఉన్నదాన్ని వదిలేస్తోంది.

రోగికి ఏం ఒరిగింది?

ఏ పరిశోధననైనా చివరికి తూచాల్సిన తూకం ఇదే. ఇక్కడ ఆశ, నిరాశ రెండూ ఉన్నాయి.

క్రానిక్ మైలాయిడ్ లుకేమియాను చూద్దాం. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ ఈ జబ్బు రూపురేఖలే మార్చేసింది. మందు వాడినవారిలో పదేళ్ల తర్వాత 80 శాతానికి పైగా బతికి ఉన్నారు. మన దేశంలో ఈ మందు పేదలకు అందడంలో హైదరాబాద్ కంపెనీ నాట్కో పాత్ర ఉంది. 2003లో నాట్కో దీని జనరిక్‌ను తెచ్చింది. నెలకు లక్ష రూపాయలు దాటే మందు పదివేల లోపుకు దొరికింది. పేటెంట్ వివాదంలో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ దారిని నిలబెట్టింది. అయితే ఇమాటినిబ్ ఈ జబ్బు మూలకణాలను చంపదని గ్లాస్గోలో టెస్సా హోలియోక్ బృందం 2002లోనే చూపించింది. అందుకే జీవితాంతం మందు వాడాలన్న సూచన వచ్చింది.

ఆ తర్వాత సిద్ధాంతం ఊహించనిది జరిగింది. ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా-జేవియర్ మహోన్ బృందం, రెండేళ్లకు పైగా పరీక్షలో జబ్బు జాడ లేనివారికి మందు ఆపి చూసింది. 2010లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఏడాది తర్వాత సుమారు 40 శాతం మందిలో జబ్బు తిరిగి రాలేదు. వచ్చినవారిలో చాలామందికి మొదటి నెలల్లోనే వచ్చింది, మందు మళ్లీ మొదలుపెడితే అదుపులోకి వచ్చింది. ఇంకో వింత: జాడ లేదనుకున్నవారి మూలుగలోనూ లుకేమియా మూలకణాలు ఉన్నాయని 2011లో రవి భాటియా బృందం చూపింది. మూలకణం మిగిలినంత మాత్రాన జబ్బు తిరగబెట్టి తీరదన్నమాట. దాన్ని దేహం అదుపులో ఉంచగలుగుతోందేమో అన్న ప్రశ్న ఇప్పుడు పరిశోధనల ముందుంది. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మందు ఆపడమన్నది డాక్టర్ పర్యవేక్షణలో, మిగిలిన జబ్బును కొలిచే పీసీఆర్ పరీక్షలు క్రమంగా చేయించుకుంటూ చేసే పని. బాగానే ఉన్నాను కదా అని సొంతంగా మానేయడం ప్రాణాంతకం.

అక్యూట్ మైలాయిడ్ లుకేమియాలో లాభం ఎక్కువగా ముందస్తు అంచనా రూపంలో వచ్చింది. 2016లో స్టాన్లీ ఇంగ్, జీన్ వాంగ్, డిక్ తదితరులు 78 మంది రోగుల కణభాగాలను ఎలుకల్లో పరీక్షించి, 17 జన్యువులతో ఎల్‌ఎస్‌సీ17 అనే స్కోరును రూపొందించారు. స్కోరు ఎక్కువ ఉన్నవారికి మామూలు కీమో సరిపోదని, వేరే మార్గం చూడాలని ఇది ముందే సూచిస్తుంది. ఆ వేరే మార్గాల్లో మూలుగ మార్పిడి ముఖ్యమైనది. దాత రోగనిరోధక కణాలు రోగిలో మిగిలిన లుకేమియాను వేటాడతాయి. మూలకణాలను సైతం తుడిచిపెట్టగల చికిత్సగా నేటికీ ఎక్కువ నమ్మకం దీనిమీదే ఉంది. కానీ ఖర్చు, దాత దొరకడం, వయసు, ప్రాణాపాయం అందరికీ అనుకూలించవు.

మూలకణాన్నే గురిపెట్టిన మందుల కథ చేదుతీపి. లుకేమియా మూలకణాల మీద సీడీ47 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండి, మింగేసే కణాలకు ‘నన్ను తినకు’ అని సంకేతం ఇస్తుందని 2009లో ఇర్వింగ్ వైస్‌మన్ బృందం చూపించింది. అదే సమయానికి టొరంటోలో ఒక అడ్డదారి ఆవిష్కరణ జరిగింది. మనిషి కణాలు ఒక జాతి ఎలుకలో మాత్రమే అంత బాగా ఎందుకు నాటుకుంటాయని డిక్, జేన్ డాన్స్‌కా వెతికారు. ఆ ఎలుకలోని ఎస్‌ఐఆర్‌పీ-ఆల్ఫా అనే ప్రోటీన్ మనిషి సీడీ47ను గట్టిగా పట్టుకోవడమే కారణమని 2007లో తేలింది. ప్రయోగానికి పనికొచ్చే ఎలుక గురించిన ప్రశ్న మందుల తయారీకి దారితీసింది. ఈ ఆధారంతో పుట్టిన ట్రిలియం కంపెనీని 2021లో ఫైజర్ కొనుగోలు చేసింది. అయితే ఈ కోవలో ముందు నడిచిన మాగ్రోలిమాబ్ మందు పెద్ద ట్రయల్స్ 2023, 2024లలో ఆగిపోయాయి. ఎలుకలో గెలిచిన మందు రోగిలో గెలుస్తుందన్న హామీ లేదు.

వెనెటోక్లాక్స్ కాస్త భిన్నం. లుకేమియా మూలకణాలు శక్తి కోసం మైటోకాండ్రియా మీద ఎక్కువగా ఆధారపడతాయని, బీసీఎల్-2 అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటే ఆ ఆధారం తెగుతుందని క్రెయిగ్ జోర్డన్ బృందం 2013లో చూపించింది. తీవ్రమైన కీమో తట్టుకోలేని వృద్ధులకు అజాసిటిడిన్‌తో కలిపి వెనెటోక్లాక్స్ ఇచ్చిన ట్రయల్ 2020లో వెలువడింది. రోగుల్లో సగం మంది బతికి ఉండే మధ్యస్థ కాలం 9.6 నెలల నుంచి 14.7 నెలలకు పెరిగింది. ఐదు నెలలు చిన్నవి కావు, అలాగని రోగం నయమైందనీ కాదు. మూలకణాల్లో కొన్ని దీనికీ తప్పించుకుంటున్నాయి.

ఇక తేలాల్సింది

2022లో జాన్ డిక్‌కు కెనడా గైర్డ్‌నర్ పురస్కారం లభించింది. ఆ గౌరవానికి ఆయన అన్నివిధాలా అర్హుడు. అయితే మూలకణ సిద్ధాంతం విలువను దాని నుంచి పుట్టిన మందుల లెక్కతో మాత్రమే తూచితే, ఇంతవరకు దక్కింది తక్కువేనని ఒప్పుకోవాలి. రోగనిర్ణయంలో, ముప్పు అంచనాలో, జబ్బు ఎప్పుడు ఎలా పుడుతుందో తెలుసుకోవడంలో దక్కింది మాత్రం చాలా ఎక్కువ. లుకేమియాకు చికిత్స మొదలుపెట్టేనాటికి జబ్బు వయసు ఎన్నో ఏళ్లని ఇప్పుడు తెలుసు. తిరగబెట్టే కణం మొదటిరోజే ఉందనీ తెలుసు. ఈ రెండూ తెలిశాక చికిత్స లక్ష్యం మారాలి. రెమిషన్ వచ్చిందా అని ఒక్కసారి చూసి ఊరుకోకుండా, ఏ కణం మిగిలిందో కొలుస్తూ ఉండాలి. మన ఆస్పత్రుల్లో రక్తక్యాన్సర్ రోగికి మందు ఎంత ముఖ్యమో, మిగిలిన జబ్బును కొలిచే పీసీఆర్, ఫ్లో సైటోమెట్రీ పరీక్షలు అంతే ముఖ్యం. జనరిక్ మందును చౌకగా అందించగలిగిన దేశం ఈ పరీక్షలను జిల్లా కేంద్రాల రోగులకు అందుబాటులోకి తేలేకపోవడానికి సాకు లేదు.

మూలకణం మిగిలి ఉన్నా కొందరిలో జబ్బు ఎందుకు తిరిగి రావడం లేదన్నది, నా దృష్టిలో, రానున్న కాలానికి అతి ముఖ్యమైన ప్రశ్న. చివరి కణం దాకా చంపడం సాధ్యంకాని చోట, దాన్ని నిద్రలోనే ఉంచగలిగితే చాలు కదా. ఆ రహస్యం దొరికితే చికిత్సకు కొత్త దారి తెరుచుకుంటుంది. అది రోగులు దానం చేసిన రక్తం, మూలుగ నమూనాల నుంచే దొరకాలి. టొరంటో పరిశోధన అంతా అలాంటి వందలాది రోగుల నమూనాల మీదే నడిచింది. వారిలో చాలామంది ఆ ఫలితం చూడకుండానే వెళ్లిపోయారు. వారి నమూనాల మీద వేసే ప్రతి ముద్రనూ కచ్చితంగా పరీక్షించి వేయడం, పరీక్ష తప్పని తేలితే బోనే బృందంలా వెంటనే సవరించుకోవడం ఈ రంగంలోకి వచ్చే ప్రతి శాస్త్రవేత్త బాధ్యత.